ఊఁ అంటేనే పేజీ

గంగులమ్మ కథ మొదలుపెట్టిందంటే వినేవాళ్లు ఊఁ కొట్టి తీరాలి. కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. ఎంతసేపైనా ఆగుతుంది. ఆమె పుట్టింది రామసముద్రం దగ్గర గొర్రెలు మేపే ఇంట్లో. మందను తోలుకుపోతూ వాళ్లవ్వ కథ చెప్పేదట. వెనకాల నడిచే మనవరాళ్లు ఊఁ అనడం మరిచారో, అంతే, "యాల పలకరు మే, నోట్లో అన్నం ముద్దుండాదా?" అని కసిరి తనూ నోరు మూసుకునేదట. కథలో రాజకుమారి బావిలో పడి ఉన్నా సరే, ఊఁ వినబడితేగానీ పైకి లాగేది కాదట.

ఐదో తరగతితో చదువు ఆగిపోయి, పుంగనూరుకు కోడలై వచ్చి, అంగన్‌వాడీలో ఆయాగా చేరి పంతొమ్మిదేళ్లయినా గంగులమ్మ ఆ పద్ధతిని వదిలిపెట్టలేదు. కోడిగుడ్డు తినిపిస్తూ చెప్పినా ఊఁ కావాలి, ముక్కు తుడుస్తూ చెప్పినా ఊఁ కావాలి.

నిజానికి కథలు చెప్పడం ఆమె పని కాదు. ఊడవడం, వండడం, పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి మళ్లీ దింపి రావడం, కాగితం మీద ఆయమ్మ పని అంతవరకే. చదువు చెప్పేది టీచరు ఉష. ఉష మంచి మనిషి, కానీ ఒట్టి భయస్తురాలు. పైనుంచి ఫోన్ వస్తే కూర్చున్నది కాస్తా లేచి నిలబడి మాట్లాడుతుంది. రెండేళ్ల కిందట సెంటరుకు అట్టపెట్టె నిండా బొమ్మల పుస్తకాలు వస్తే, ఆ భయంతోనే వాటిని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. ఒక్క కాగితం చినిగినా సంజాయిషీ రాయాల్సి ఉంటుందని సూపర్‌వైజర్ అర్చన మేడం చెప్పిపోయిందట. పెద్దాఫీసర్లు వస్తున్నారంటే పుస్తకాలు బయటికొచ్చి దారానికి వేలాడేవి. ఫొటో తీయగానే మళ్లీ లోపలికి పోయేవి.

"బిడ్డలు తాకేదానికి లేని పుస్తకాలు మనకు యాలమ్మా? ఊరగాయ పెట్టుకునేదానికా?" అని గంగులమ్మ ఎన్నిసార్లు అడిగిందో.

"నాకెందుకక్కా ఈ గొడవ" అని ఉష తప్పించుకునేది.

ఆ తాళం ఎందుకు తెరుచుకుందో తెలియాలంటే ఇష్రత్ సంగతి చెప్పాలి.

ఇష్రత్‌కు రెండున్నరేళ్లు. సెంటరుకు నాలుగిళ్ల అవతల ఉండే మోసిన్, ఆబిదాల బిడ్డ. మోసిన్‌కు బజారులో చెప్పుల అంగడి. ఆబిదా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పొద్దున మిషను ముందు కూర్చుంటే మళ్లీ ఎప్పుడు లేస్తుందో ఆమెకే తెలియదు. పిల్ల దారపు ఉండలు లాగకుండా చేతికి ఫోన్ ఇచ్చేది. ఫోన్లో బొమ్మలు గెంతేవి, పాడేవి, తామే ప్రశ్న అడిగి తామే జవాబు చెప్పుకునేవి. ఎదురుగా ఉన్న పిల్ల ఏమంటుందోనని ఒక్క క్షణం ఆగిన బొమ్మ ఒక్కటీ లేదు. పాపం, ఎట్లా ఆగుతుంది?

ఇష్రత్ ఒక్క మాట కూడా అనేది కాదు. కావలసింది వేలితో చూపించేది, ఇవ్వకపోతే ఏడ్చేది. మోసిన్ తల్లి దాన్ని "గూంగీ" అని పిలవడం మొదలుపెట్టింది. మూగది అని. అదేమంటే ముద్దుకు పిలుస్తున్నానంది. ఏం ముద్దో! వీధి పిల్లలు కూడా అదే పట్టుకున్నారు. చూస్తూ చూస్తూ ఉండగానే ఇష్రత్ అనే పేరు ఆధార్ కార్డులో మిగిలింది, గూంగీ వీధిలో తిరిగింది.

జూన్‌లో అర్చన మేడం పిల్లల మాటలు పరీక్ష చేయడానికి వచ్చింది. పని మీద శ్రద్ధ ఉన్న పిల్లే, చెడ్డది కాదు. కాకపోతే ఒకరోజులో ఆరు సెంటర్లు చూడాలి, గడియారం చూసుకుంటూ మాట్లాడుతుంది. ఇష్రత్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మేక బొమ్మ ఉన్న కార్డు చూపించింది.

"పాపా, ఇది ఏమిటి? ఇది ఏం చేస్తోంది? చెప్పాలి, చెప్పు, త్వరగా."

ఇష్రత్ కార్డు వైపు చూడనే లేదు. మేడం మెడలో వేలాడే ఐడీ కార్డు వైపు చూసింది. ఆవు, పిల్లి, బస్సు, అరటిపండు, అన్నీ అట్లాగే పోయాయి. అర్చన ఫోన్లో "మాటలు లేవు" అన్న చోట నొక్కేసింది. సెప్టెంబర్‌లో మళ్లీ చూస్తానంది.

పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన మోసిన్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. అతని ముఖం చిన్నబోయింది.

"సెప్టెంబర్ దాకా సూస్తాను ఆయమ్మా. అప్పటికీ ఇట్లనే ఉంటే బిడ్డను పంపను. నలుగురి ముందర కూసోబెట్టి మూగది మూగది అని రాయించుకునేదానికి పంపల్లా? ఇంట్లోనే ఒక మూల ఉండనీ. మా నసీబు" అన్నాడు.

గంగులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మూగదని యెవురన్నారప్పా? ఆ కార్డన్నాదా, మీయమ్మన్నాదా? సెప్టెంబర్ అన్నావు కదా, ఆ మాట మీదుండు. ఆ దినం ఈ బిడ్డ నోరిప్పి మాట్లాడకపోతే నేనీ సెంటరు గడప తొక్కను. పో!"

మోసిన్ వెళ్లిపోయాక ఉష నెత్తి కొట్టుకుంది. "ఎందుకక్కా అంత మాటన్నావు? పిల్ల మాట్లాడకపోతే?"

"మాట్లాడతాది."

"ఎట్లా తెలుసు?"

ఎట్లా తెలుసో గంగులమ్మకూ తెలియదు. కానీ అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

ముందుగా చెవులు చూపించాలనుకుంది. సెలవు పెట్టి, ఆబిదానూ పిల్లనూ వెంటబెట్టుకుని మదనపల్లె పెద్దాసుపత్రికి పోయింది. డాక్టరు చెవులు పరీక్ష చేయించి, నాలుక చూసి, అన్నీ బాగున్నాయన్నాడు. తర్వాత ఆబిదాను అడిగాడు. "ఇంట్లో బిడ్డతో ఎవరు మాట్లాడతారమ్మా?"

తిరుగు బస్సులో, పిల్ల ఒళ్లో నిద్రపోయాక, ఆబిదా మెల్లగా నోరు విప్పింది.

"నేనేం మాట్లాడల్ల గంగులమ్మక్కా దానితో? నాకు సదువు లేదు. ఫోన్లో అయితే ఇంగ్లీషు ఉండాది, హిందీ ఉండాది, అన్నీ మంచి మాటలే. నా మాటలు నేర్చుకుంటే దానికేం లాభం?"

"యేమ్మా, నీ మాటలకేం రోగం?" అని గంగులమ్మ గదిమింది. "నువ్వు కడుపులో మోసినప్పుడు అది యెవురి మాటలిన్నాది? ఆ ఫోను దాని మొగం సూస్తాదా? అది నవ్వితే నవ్వుతాదా? అది పలికేదాకా ఆగుతాదా?"

ఆగుతాదా అనగానే ఆమెకు వాళ్లవ్వ గుర్తొచ్చింది. ఎండలో, మంద వెనకాల, ఊఁ వినబడేదాకా బిగదీసుకుని నడిచే అవ్వ. బస్సు పుంగనూరు చేరేలోపు గంగులమ్మ ఏం చేయాలో నిశ్చయించుకుంది.

మర్నాడు ఉష ముందు చెయ్యి చాపింది. "బీరువా తాళంచెవి ఇయ్యమ్మా."

"అక్కా, చినిగితే..."

"చినిగితే గంగులమ్మ చింపినాదని రాయి. పూర్తి పేరు కావల్లంటే ఇంటిపేరు కూడా చెప్తాను."

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలంతా చాపల మీద పడుకుంటారు. ఇష్రత్ మాత్రం పడుకోదు. గంగులమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని మేక పుస్తకం తెరిచింది. అదొక దొంగమేక కథ. గేటు దూరి ఇంట్లోకొచ్చి, దండెం మీద ఆరేసిన చీర నమిలేస్తుంది. మొదటి పేజీలో "మేక గేటు దగ్గర నిలబడి ఉంది" అని అచ్చేసి ఉంది. గంగులమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని, అర్థం చేసుకుని, పైకి మాత్రం తన ధోరణిలో చదివింది.

"మేక గేటు కాడ నిలబడుండాది. ఊఁ అను."

ఇష్రత్ అనలేదు. పేజీ తిప్పబోయింది. గంగులమ్మ బొటనవేలు పేజీ మీంచి కదల్లేదు. "ఊఁ అంటేనే పేజీ తిరుగుతాది తల్లీ. మా అవ్వ కాలం నుంచీ ఇదే రూలు."

పిల్ల గింజుకుంది, ఏడ్చింది, ఒళ్లోంచి జారిపోయింది. మర్నాడు తనే వచ్చి ఒళ్లో కూర్చుంది. మళ్లీ అదే మేక, అదే గేటు. గంగులమ్మ ఆ ఒక్క బొమ్మ మీదే ఎన్ని కబుర్లు చెప్పిందని! మేక చెవులు, మేక గడ్డం, ఆ గడ్డం మీ తాతది మాదిరుండాది కదా, గేటుకు గొళ్లెం వెయ్యకుండా యెవురు పోయినారో సూడు. ఒక్కో మాట చెప్పడం, పిల్ల ముఖంలోకి చూడడం, ఆగడం. పిల్ల వేలు పెట్టిన చోటల్లా ఒక మాట పెట్టడం, మళ్లీ ఆగడం. ఊఁ మాత్రం రాలేదు. పదహారు రోజులు ఆ మేక గేటు దగ్గరే నిలబడింది.

"పాపం, మేకకు కాళ్లు నొప్పి పుడతాయి, లోపలికి రానీ అక్కా" అని ఉష నవ్వింది.

"అది పిలవల్ల కదా రమ్మని" అంది గంగులమ్మ. పైకి అట్లా అన్నా లోపల భయం మొదలైంది. ఇంటికి పోతూ, పందెం వేసింది తను, ఓడిపోయేది ఈ పసిబిడ్డ కదా అని తనను తానే తిట్టుకుంది.

పదిహేడో రోజు ఆమెకు విసుగొచ్చింది. విసుగు కాదు, కొంటెతనం అనాలి. పుస్తకం తెరిచి, ముఖం గంభీరంగా పెట్టి చదివింది.

"కుక్క గేటు కాడ నిలబడుండాది."

ఇష్రత్ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"అవును, కుక్కే. గడ్డం ఉండే కుక్క. భౌ భౌ అంటాండాది."

పిల్ల బొమ్మను చూసింది, మళ్లీ ఆమెను చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఇంత పెద్ద మనిషి ఇంత అబద్ధం ఆడుతుందా అన్నట్టు కోపంతో ముఖం ఎర్రబడింది. అరచేత్తో పుస్తకం మీద ఫట్‌మని కొట్టింది.

"నక్కో! బక్రీ!"

పుంగనూరు బజారులో పెరిగిన వాళ్లెవరికైనా ఆ మాటలు తెలుసు. వద్దు, ఇది మేక అంటోంది. గంగులమ్మ పెట్టిన కేకకు పడుకున్న పిల్లలంతా లేచి కూర్చున్నారు. "ఉషమ్మా! ఇన్న్యావా? కొట్టి మరీ చెప్పినాది సూడు!" అని నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత పిల్ల గడ్డం పట్టుకుంది. "మేకే తల్లీ. బక్రీయే. నేనే తప్పు సదివినా. ఊఁ?"

"ఊఁ" అంది ఇష్రత్.

పేజీ తిరిగింది. మేక లోపలికొచ్చింది.

ఇక ఆ పిల్లను పట్టడం ఎవరివల్లా కాలేదు. ఊఁ అంటే పేజీ వస్తుందని తెలిశాక, చదవకముందే ఊఁ ఊఁ అని లాగడం మొదలుపెట్టింది. "ఆగు, నేనింకా సదవలే!" అని గంగులమ్మ అరిచినా వినేది కాదు. ఆ లాగుడులో ఒకరోజు పుస్తకం నడిమికి చినిగి ఊడొచ్చింది. ఉష ముఖం పాలిపోయింది. గంగులమ్మ మాత్రం ఆ పుస్తకాన్నీ ఆ పిల్లనూ పట్టుకుని నేరుగా ఆబిదా ఇంటికి నడిచింది.

"ఊరందరి జాకెట్లు కుడతావు. ఇది కుట్టలేవా?"

మిషనులో ఎర్రదారం ఉంది. ఆబిదా అదే దారంతో పుస్తకం నడుమున రెండు వరసల కుట్టు వేస్తుంటే ఇష్రత్ మోకాలి మీద వాలి, సూది కింద జరుగుతున్న బొమ్మను చూపించింది. "అమ్మీ, బక్రీ."

మిషను మీద కాలు ఆగిపోయింది. ఇంట్లో ఆ పిల్ల అప్పటిదాకా అమ్మీ అని కూడా అని ఎరగదు. ఆబిదా దాన్ని కరుచుకుని ఏడుస్తూ, మళ్లీ అను, మళ్లీ అను అని అడిగింది. పిల్లకు ఊపిరాడక "నక్కో" అంది. అప్పుడు ముగ్గురూ నవ్వారు.

"నాకు తెలుగు సదవను రాదు కదక్కా, ఇంట్లో ఎట్ల చెప్పల్ల?" అని అడిగింది ఆబిదా.

"సదవద్దు. బొమ్మ సూడు, మీ మాటలో చెప్పు, ఆగు. అది ఊఁ అన్నాక పేజీ తిప్పు. అంతే."

"మా మాటలోనా?"

"మీ మాటలోనే. మేక ఏమన్నా కోప్పడతాదా?"

ఆ రోజు నుంచి ఫోన్ గూట్లోకి ఎక్కింది. ఎర్రకుట్టు పుస్తకం ఇంటికి పోయేది, పొద్దున సెంటరుకు వచ్చేది. చీర నమిలే పేజీ దగ్గర ఆబిదా ఎంత లబలబలాడేదో, ఇష్రత్ అంత పడీపడీ నవ్వేది. గూంగీ అని పిలిస్తే పలకడం మానేసింది. మోసిన్ తల్లికి వేరే దారి లేక ఇష్రత్ అని పిలవాల్సి వచ్చింది.

ఆగస్టులో అర్చన మేడం చెప్పాపెట్టకుండా వచ్చింది. బీరువా తెరిచి ఉంది, పుస్తకాలు చాప మీద ఉన్నాయి, ఎర్రకుట్టు పుస్తకం గంగులమ్మ చేతిలో ఉంది. మేడం గుమ్మంలోనే నిలబడి కాసేపు విన్నది.

"ఏమిటిది గంగులమ్మా? చదివించడం టీచర్ పని. పైగా పుస్తకంలో 'నిలబడి ఉంది' అని ఉంటే 'నిలబడుండాది' అని చదువుతారా? పిల్లలకు తప్పుడు తెలుగు పట్టుబడదా?"

"మేడం, ఈ పుంగనూరులో మేకలన్నీ నిలబడుండాయి. నిలబడి ఉన్న మేకను మేమింకా సూడలేదు" అంది గంగులమ్మ.

ఉష నవ్వు ఆపుకోలేక రిజిస్టర్‌లో తల దూర్చింది. అర్చన ముఖం ఎర్రబడింది. ఇష్రత్ వైపు తిరిగి మేక బొమ్మ చూపించింది. పిల్ల ఠక్కున "బక్రీ" అంది.

"చూశారా? ఇది తెలుగు కాదు. ప్రశ్న తెలుగులో ఉంది. ఇది లెక్కలోకి రాదు."

అప్పుడు గంగులమ్మ లేచి నిలబడింది. మేడం, మీరు అనే మర్యాదలన్నీ ఎగిరిపోయాయి.

"యాల రాదు తల్లీ? నీ ఫోన్లో ఏమని ఉండాది, మాటలుండాయా లేవా అని కదా? ఇది మాట కాదా? కాకి అరుపా? ఈ బిడ్డ యాడ పుట్టిందో ఆడి మాట పలికినాది. నువ్వు మీ తిరుపతి మాట మాట్లాడతావు, నేను రామసముద్రం మాట మాట్లాడతాను, ఇది వాళ్లమ్మ మాట మాట్లాడతాది. బిడ్డ కష్టపడి నోరు తెరిస్తే, ఆ మాట కాదు ఈ మాట అని దాన్ని మళ్లీ మూయిస్తావా?"

"మీకు మెమో ఇవ్వాల్సి వస్తుంది."

"ఇయ్యి. రెండియ్యి. ఒకటి పుస్తకం చినిగినందుకు, ఒకటి బిడ్డ మాట్లాడినందుకు!"

మెమో వచ్చింది. గంగులమ్మ దాన్ని వంటగదిలో పప్పు డబ్బా కింద పెట్టింది. ఇంటికి పోయి మాత్రం తిండి తినకుండా కూర్చుంది. పందెం రోజు బక్రీ లెక్కలోకి రాదంటే? మోసిన్ పిల్లను తీసుకుపోతే? గడప తొక్కనన్న మాట గడపదాకా వచ్చి కూర్చుంది.

సెప్టెంబర్ పన్నెండున అర్చన వచ్చింది. మోసిన్, ఆబిదా గుమ్మం పక్కన నిలబడ్డారు. అర్చన కార్డులు తీసింది. ఇంతమంది చూస్తుంటే ఇష్రత్ బిగుసుకుపోయింది. మొదటి కార్డుకు పలకలేదు, రెండో కార్డుకూ పలకలేదు. మోసిన్ చెప్పులేసుకోబోయాడు.

గంగులమ్మ ముందుకొచ్చి ఎర్రకుట్టు పుస్తకం అర్చన ఒళ్లో పెట్టింది. ఈసారి గొంతులో తగాదా లేదు. "కార్డులొద్దు మేడం. దీన్ని సదవండి. మీ తెలుగులోనే సదవండి. ఒక్కసారి."

అర్చన ఆమెను చూసింది, గడియారం చూసింది, పుస్తకం తెరిచింది. ఇష్రత్ తనంతట తనే జరిగి ఆమె పక్కన కూర్చుంది.

"మేక గేటు దగ్గర నిలబడి ఉంది" అని అర్చన గబగబా చదివి, అదే ఊపులో పేజీ తిప్పబోయింది.

ఫట్‌మని ఒక చిన్న చెయ్యి పేజీ మీద పడింది.

"ఆగు!" అంది ఇష్రత్, కనుబొమలు ముడిచి. "నేను ఊఁ అన్లే!"

అర్చన చేతిలో పేజీ సగంలో నిలిచిపోయింది. "ఏమంటోంది?" అని అడిగింది నెమ్మదిగా.

"మీరు ఆగలేదంట" అంది గంగులమ్మ. తల ఎత్తే ఉంది. "అది ఊఁ అనకుండా మేకను లోపలికి పంపేదానికి మీరెవురని అడుగుతాండాది. తెలుగులోనే అడిగినాది, లెక్కలో రాసుకోండి."

అర్చన ఫోన్ తీయలేదు. పేజీని జాగ్రత్తగా వెనక్కి వేసింది. ఈసారి ఒక్కో మాటా విడివిడిగా చదివింది. గుమ్మం దగ్గర మోసిన్ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తదిగా నిలబడిపోయాడు. అర్చన చదవడం ముగించి, పిల్ల ముఖంలోకి చూస్తూ ఆగింది.

ఇష్రత్ తొందరపడలేదు. మేకను చూసింది, గేటును చూసింది, గొళ్లెం వేసి లేదని చూసుకుంది.

"ఊఁ" అంది.